సమతాస్థితి సూత్రకారుడు లె చాట్లియర్

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: జీవిత చరిత్ర. ఒక వ్యక్తి జననం మొదలుకొని మరణం వరకు సాగిన జీవితాన్ని, ఆ జీవితం లోకానికి మిగిల్చిన ఫలాన్ని క్రమంగా వివరించే రచనను జీవిత చరిత్ర అంటారు. రాజుల చరిత్రలు, కవుల చరిత్రలు మన సాహిత్యంలో విరివిగా ఉన్నాయి. శాస్త్రవేత్తల జీవితాలు సాహిత్య పాఠాలలో అంతగా కనిపించవు. రసాయనశాస్త్ర గ్రంథంలో ఒక సూత్రంగా మాత్రమే పరిచయమయ్యే లె చాట్లియర్‌ను ఒక మనిషిగా విద్యార్థులకు పరిచయం చేయడం, శాస్త్ర విజయాలతో పాటు శాస్త్రవేత్త పొరపాటును, దానిని ఒప్పుకున్న నిజాయితీని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రాత్రివేళ గాజువాక పరిసరాలలో నిలిచి ఉక్కునగరం దిక్కుగా చూచేవారికి ఆకాశపుటంచున ఒక ఎఱ్ఱని వెలుగు అప్పుడప్పుడు తోచి మాయమవుతూ ఉంటుంది. అది విశాఖ ఉక్కు కర్మాగారపు వెలుగు. 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించగా తెలుగువారు సాధించుకొన్న కర్మాగారమది. 1971లో దానికి శంకుస్థాపన జరిగింది. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది. 1992లో కర్మాగారం జాతికి అంకితమైంది. అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకొన్నారు. అన్నం పెట్టే నదులకు, అన్నమిచ్చే తల్లికి ఉన్న పేర్లను కొలిమికి పెట్టడంలో ఈ ప్రాంతపు ప్రజల మనసు తెలుస్తుంది.

ఆ కొలిమిలోకి పైనుండి ఇనుప ఖనిజాన్ని, కోకును, సున్నపురాయిని వేస్తారు. అడుగు భాగం నుండి వేడిగాలిని ఊదుతారు. కోకు మండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. ఆ వాయువు ఖనిజంలోని ఆక్సిజన్‌ను గ్రహించి తాను కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఇనుము వేరుపడి కరిగి అడుగుకు చేరుతుంది. ఇంతవరకు చక్కగానే ఉంది. కాని కొలిమి శిఖరం నుండి వెలువడే వాయువును పరీక్షిస్తే అందులో కార్బన్ మోనాక్సైడ్ గణనీయంగా కనిపిస్తుంది. పని చేయవలసిన వాయువు పని పూర్తి చేయకుండానే బయటికి ఎందుకు వస్తున్నది?

పందొమ్మిదో శతాబ్దపు ఇంజనీర్లను ఈ ప్రశ్న ఎంతగానో బాధించింది. వాయువుకు ఖనిజంతో కలిసి ఉండే సమయం చాలడం లేదని వారు తలచారు. సమయం పెంచాలంటే కొలిమి ఎత్తు పెంచాలి. కనుక ఇంగ్లండులో కొలుములు ఎత్తు పెరుగుతూ 30 మీటర్ల దాకా పోయాయి. విపరీతమైన ధనం వ్యయమైంది. కాని శిఖరం నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ పాలు మాత్రం తగ్గలేదు. లోపం కొలిమిలో లేదని, ప్రకృతి నియమాన్ని తెలుసుకోకపోవడంలో ఉన్నదని స్పష్టంగా చెప్పినవాడు ఒక ఫ్రెంచి ఆచార్యుడు. ఆయనే హెన్రీ లూయీ లె చాట్లియర్. ఫ్రెంచివారి ఉచ్చారణలో ఆ పేరు లె షాతెలియే. మన పాఠశాలలలో లె చాట్లియర్ అని స్థిరపడింది.

బాల్యం, విద్య

లె చాట్లియర్ 1850 అక్టోబరు 8న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి లూయీ లె చాట్లియర్ పేరుపొందిన గనుల ఇంజనీరు. ఫ్రాన్సు దేశపు రైలు మార్గాల నిర్మాణంలోను, అల్యూమినియం పరిశ్రమ ఆరంభంలోను, ఉక్కు తయారీలో సీమెన్స్–మార్టిన్ పద్ధతిని నెలకొల్పడంలోను ఆయన పాలుపంచుకొన్నాడు. ఆ కాలపు శాస్త్రజ్ఞులు ఆ ఇంటికి వస్తూ పోతూ ఉండేవారు. తల్లి లూయీజ్ క్రమశిక్షణకు ప్రాణమిచ్చే గృహిణి. వేళకు నిద్ర లేవడం, వేళకు పాఠాలు ముగించడం, కంచంలో వడ్డించినదంతా తినడం ఆ ఇంటి పిల్లలకు తప్పని నియమాలు. తోబుట్టువులందరిలో పెద్దవాడైన హెన్రీకి ఆ క్రమశిక్షణ జీవితాంతం తోడుగా నిలిచింది. ఇంటిలోని క్రమమే తనకు ప్రకృతిలోని క్రమాన్ని చూచే చూపునిచ్చిందని ఆయన వృద్ధాప్యంలో భావించి ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

తండ్రి స్నేహితులలో సాంత్ క్లేర్ దెవీ అనే రసాయనాచార్యుడు ముఖ్యుడు. వేడికి పదార్థాలు విడిపోవడం, చల్లారితే తిరిగి కలవడం ఆయన పరిశోధనలలో ప్రధాన విషయం. బాలుడైన హెన్రీ ఆయన ప్రయోగశాలను చూచి రసాయనశాస్త్రంపై మక్కువ పెంచుకొన్నాడు. విత్తనం ఎప్పుడు పడిందో నేలకు తెలియదు. మొలక వచ్చినప్పుడే తెలుస్తుంది.

1869లో ఆయన పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ అనే ప్రసిద్ధ విద్యాసంస్థలో చేరాడు. మరుసటి సంవత్సరమే ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం వచ్చింది. శత్రు సైన్యం పారిస్‌ను ముట్టడించింది. విద్యార్థి అయిన లె చాట్లియర్ సైన్యంలో చిన్న అధికారిగా పనిచేశాడు. యుద్ధం ముగిసిన తర్వాత గనుల విద్యాలయంలో చదువు కొనసాగించాడు. 1873లో తండ్రి మరణించాడు. పెద్ద కుమారుడిగా కుటుంబ భారం భుజానికెత్తుకోవలసిన వయస్సులోనే ఆయన చదువు ముగించి గనుల ఇంజనీరయ్యాడు. 1876లో జెనెవీవ్ నికొలాతో ఆయనకు వివాహమైంది. వారికి ఏడుగురు సంతానం.

గనుల నుండి ప్రయోగశాలకు

1877లో గనుల విద్యాలయం ఆయనను రసాయనశాస్త్ర బోధకుడిగా పిలిచింది. అప్పటికాయన వయస్సు 27 సంవత్సరాలు. ఆ నాటి నుండి ఆయన జీవితం పరిశ్రమకు, ప్రయోగశాలకు మధ్య వేసిన వంతెన అయింది. పరిశ్రమలో పుట్టిన సమస్యను ప్రయోగశాలకు తేవడం, ప్రయోగశాలలో దొరికిన సమాధానాన్ని పరిశ్రమకు ఇవ్వడం ఆయన పద్ధతి.

ఆ కాలంలో బొగ్గు గనులలో పేలుళ్లు తరచుగా జరిగేవి. భూగర్భంలో బొగ్గు పొరల మధ్య దాగి ఉండే మీథేన్ వాయువు గాలితో కలిసి, దీపపు మంట తగిలితే చాలు, పేలిపోయేది. వందలాది కార్మికులు ప్రాణాలు కోల్పోయేవారు. సింగరేణి గనుల గురించి ఎరిగిన తెలుగువారికి ఈ అగ్నిభయం ఎటువంటిదో చెప్పనవసరం లేదు. లె చాట్లియర్ తన సహోద్యోగి మల్లార్‌తో కలిసి ఈ వాయువును పరిశోధించాడు. గాలిలో ఎంత పాలు ఉంటే అది మండుతుంది, ఏ ఉష్ణోగ్రత వద్ద అంటుకొంటుంది, మంట ఎంత వేగంతో పరుగెత్తుతుంది అనే విషయాలను వారు కొలిచి చెప్పారు. ఆ వాయువు తగిన వేడి తగిలిన వెంటనే కాక కొన్ని క్షణాల ఆలస్యంతో అంటుకొంటుందని కూడా వారు గుర్తించారు. గనులలో వాడదగిన సురక్షితమైన పేలుడు పదార్థాల తయారీకి ఈ పరిశోధన దారి చూపింది. కార్మికులకు అది మహోపకారం.

తరువాత ఆయన దృష్టి సిమెంటుపై పడింది. నీటిలో గట్టిపడే సిమెంటు అలా ఎందుకు గట్టిపడుతుందో అప్పటికి స్పష్టంగా తెలియదు. సిమెంటులోని రేణువులు నీటిలో కరిగి, కొత్త స్ఫటికాలుగా వెలువడి, ఆ స్ఫటికాలు ఒకదానినొకటి పెనవేసుకోవడం వల్ల గట్టితనం వస్తుందని ఆయన వివరించాడు. సిమెంటుకు బలమిచ్చే ముఖ్య పదార్థం ట్రైకాల్షియం సిలికేట్ అని నిరూపించాడు. 1887లో ఆయన డాక్టరేటు పట్టం పొందింది ఈ పరిశోధనకే.

కొలిమి వేడిని కొలవడం ఆ రోజులలో పెద్ద సమస్య. ఒకే కొలిమిని ఇద్దరు కొలిస్తే వందల డిగ్రీల తేడా వచ్చేది. ప్లాటినం తీగను, ప్లాటినం–రోడియం మిశ్రలోహపు తీగను జతచేసి లె చాట్లియర్ నమ్మదగిన థర్మోకపుల్‌ను రూపొందించాడు. రెండు తీగల కొనలు కలిసిన చోట వేడి తగిలితే స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తును కొలిస్తే వేడి ఎంతో తెలుస్తుంది. నేటికీ ఉక్కు పరిశ్రమలో ఈ జాతి పరికరాలే మరిగే లోహపు వేడిని చెబుతున్నాయి.

సూత్ర నిర్మాణం

సిమెంటు, సున్నం, కొలిమి, గని – ఇవన్నీ వేరువేరు విషయాలుగా కనిపిస్తాయి. కాని వాటన్నిటిలోను లె చాట్లియర్‌కు ఒకే ప్రశ్న కనిపించింది. కొన్ని రసాయన చర్యలు చివరిదాకా సాగకుండా మధ్యలోనే ఆగినట్లు ఎందుకు కనిపిస్తాయి?

సున్నపు బట్టీని ఉదాహరణగా తీసుకొందాం. సున్నపురాయిని కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. అదే సున్నాన్ని తడిపి గోడకు పూస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా గ్రహించి మళ్లీ రాయివలె గట్టిపడుతుంది. వెళ్లిన దారినే తిరిగి రాగల ఇటువంటి చర్యలను ద్విగత చర్యలు అంటారు. సున్నపురాయిని మూసిన పాత్రలో ఉంచి కాలిస్తే ఏమవుతుంది? కొంత వాయువు వెలువడిన తర్వాత చర్య ఆగినట్లు కనిపిస్తుంది. నిజానికి అది ఆగలేదు. రాయి విడిపోతూనే ఉంటుంది; సున్నం, వాయువు తిరిగి కలుస్తూనే ఉంటాయి. రెండు వేగాలు సమానం కావడం వల్ల మార్పు పైకి కనిపించదు. ఈ స్థితినే రసాయన సమతాస్థితి అంటారు. తెరిచిన బట్టీలో వాయువు గాలిలో కలిసిపోతుంది కనుక తిరుగు చర్యకు అవకాశం ఉండదు. రాయి అంతా సున్నమవుతుంది.

ఈ విషయంలో లె చాట్లియర్‌కు పూర్వులు ఉన్నారు. నెపోలియన్ వెంట ఈజిప్టుకు వెళ్లిన బెర్తొలే అక్కడి ఉప్పు సరస్సుల ఒడ్డున, ప్రయోగశాలలో జరిగే చర్యకు విరుద్ధ దిశలో చర్య జరగడాన్ని గమనించాడు. 1864లో నార్వే దేశీయులు గుల్డ్‌బర్గ్, వాగె చర్యావేగానికి, పదార్థాల గాఢతకు గల సంబంధాన్ని చెప్పారు. 1884లో హాలెండు దేశీయుడైన వాంట్ హాఫ్ ఉష్ణోగ్రత సమతాస్థితిని ఏ విధంగా కదుపుతుందో వివరించాడు. అదే సంవత్సరంలో లె చాట్లియర్ ఆ భావాన్ని ఉష్ణోగ్రతకే పరిమితం చేయక పీడనానికి, గాఢతకు కూడా విస్తరింపజేసి ఒక సామాన్య సూత్రంగా ప్రకటించాడు. ఆ మొదటి ప్రకటన దీర్ఘమైన వాక్యంతో కొంత క్లిష్టంగా ఉండేది. 1888లో దానినే సంక్షిప్తంగా, సుబోధంగా తిరిగి చెప్పాడు. మన పూర్వ సూత్రకారులు అక్షరం తగ్గితే ఆనందించేవారని పెద్దలు చెబుతారు. లె చాట్లియర్ కూడా ఆ కోవకు చెందినవాడే.

ఆ సూత్రం సారాంశమిది. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థకు పీడనం గాని, ఉష్ణోగ్రత గాని, గాఢత గాని మారిస్తే, ఆ మార్పు ప్రభావాన్ని తగ్గించే దిశగా వ్యవస్థ కదిలి కొత్త సమతాస్థితిని పొందుతుంది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. వ్యవస్థ మార్పును తగ్గిస్తుందే గాని పూర్తిగా రద్దు చేయదు. పాత స్థితికి యథాతథంగా తిరిగి రాదు. కొత్త స్థితిలో నిలుస్తుంది.

గోలీసోడాను తలచుకొంటే ఇది సులభంగా అర్థమవుతుంది. సీసాలో అధిక పీడనం వల్ల కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి ఉంటుంది. గోలీని లోపలికి నొక్కగానే పీడనం తగ్గుతుంది. తగ్గిన పీడనాన్ని పెంచే దిశగా, అంటే వాయువు వెలువడే దిశగా, వ్యవస్థ కదులుతుంది. బుసబుసమని పొంగు వస్తుంది. ఎండలో ఉంచిన సోడా చప్పబడిపోవడానికి, చల్లని సోడా ఘాటుగా ఉండడానికి కూడా కారణం ఇదే సూత్రంలో ఉంది. వాయువు నీటిలో కరిగేటప్పుడు వేడి వెలువడుతుంది. కనుక వేడి పెరిగితే వాయువు కరిగే దిశ వెనుకబడుతుంది.

ఈ దృష్టితో చూచినప్పుడు బ్లాస్ట్ ఫర్నేసు సమస్య తేలికగా విడిపోయింది. ఇనుప ఆక్సైడ్‌కు, కార్బన్ మోనాక్సైడ్‌కు మధ్య జరిగేది ద్విగత చర్య. పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఇనుముతో కలిసి తిరుగు దిశలో కూడా చర్య జరుపుతుంది. ఇచ్చిన ఉష్ణోగ్రత వద్ద ఆ రెండు వాయువుల పాళ్లు ఒక హద్దు వద్ద నిలుస్తాయి. కొలిమిని ఎంత ఎత్తుగా కట్టినా ఆ హద్దు మారదు. సమయం చాలక కాదు, సమతాస్థితి వల్లనే కార్బన్ మోనాక్సైడ్ మిగులుతున్నది. సమస్యను సరిగా తెలుసుకొన్నవాడికి దానిలోనే ప్రయోజనం కనిపిస్తుంది. మిగిలిన ఆ వాయువును వృథాగా పోనీయక ఇంధనంగా వాడుకోవడం నేటి ఉక్కు కర్మాగారాల పద్ధతి. కొలిమిలోకి ఊదే గాలిని వేడిచేసేది చాలావరకు ఆ కొలిమి విడిచిన వాయువే.

అమెరికా దేశీయుడైన విలార్డ్ గిబ్స్ 1876–78 మధ్య సమతాస్థితి గురించి గంభీరమైన గణితంతో ఒక మహాగ్రంథం వంటి వ్యాసం ప్రకటించాడు. యూరపులో దానిని చదివినవారు తక్కువ. చదివి అర్థం చేసుకొన్నవారు మరీ తక్కువ. తాను కష్టపడి చేరిన చోటికి గిబ్స్ అంతకు ముందే మరో దారిలో చేరాడని లె చాట్లియర్ గ్రహించాడు. గ్రహించి అసూయపడలేదు. 1899లో ఆ రచనను స్వయంగా ఫ్రెంచిలోకి అనువదించి గిబ్స్ ఖ్యాతిని తన దేశంలో చాటాడు. పాండిత్యం కలవారు లోకంలో పలువురు ఉంటారు. ఇతరుల పాండిత్యాన్ని తన భుజాలపై మోసేవారు కొందరే.

చేజారిన ఫలం

ఇరవయ్యో శతాబ్దం ఆరంభమయ్యే నాటికి యూరపు దేశాలను ఒక భయం పట్టుకొన్నది. పంటకు నైట్రోజన్ ఎరువు కావాలి. అది ప్రధానంగా దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు నిక్షేపాల నుండి ఓడలలో వచ్చేది. ఆ నిక్షేపాలు అడుగంటితే పెరుగుతున్న జనాభాకు అన్నం ఎలా? గాలిలో అయిదింట నాలుగు వంతులు నైట్రోజనే. కాని ఆ నైట్రోజన్‌ను మొక్క నేరుగా గ్రహించలేదు. దానిని హైడ్రోజన్‌తో కలిపి అమోనియా చేయగలిగితే ఎరువుకు లోటుండదు. ఆ కలయిక ద్విగత చర్య కావడం వల్ల రసాయనజ్ఞులు ఎందరో ప్రయత్నించి విఫలులయ్యారు.

లె చాట్లియర్‌కు దారి తన సూత్రంలోనే కనిపించింది. ఒక ఘనపరిమాణం నైట్రోజన్, మూడు ఘనపరిమాణాల హైడ్రోజన్ కలిసి రెండు ఘనపరిమాణాల అమోనియా అవుతాయి. నాలుగు రెండుగా కుదించుకుపోతాయి. కనుక పీడనం పెంచితే చర్య అమోనియా దిశగా కదలాలి. చర్యలో వేడి వెలువడుతుంది కనుక ఉష్ణోగ్రత తగ్గితే అమోనియా ఎక్కువ రావాలి. కాని మరీ తగ్గితే చర్య నత్తనడక నడుస్తుంది. వేగం పెంచడానికి ఉత్ప్రేరకం కావాలి. ఉత్ప్రేరకం సమతాస్థితిని మార్చదు. అక్కడికి త్వరగా చేరుస్తుంది.

1901లో ఆయన ఇనుమును ఉత్ప్రేరకంగా ఉంచి, సుమారు 200 వాతావరణాల పీడనంతో, 600 డిగ్రీల వేడితో ప్రయోగం ఆరంభించాడు. ఆలోచన సరియైనదే. పద్ధతి సరియైనదే. కాని పరికరంలోకి గాలి చొరబడి హైడ్రోజన్‌తో కలిసింది. భయంకరమైన పేలుడు జరిగింది. అక్కడ పనిచేస్తున్న సహాయకుడు ప్రాణాపాయం నుండి వెంట్రుకవాసిలో తప్పించుకొన్నాడు. గనులలో పేలుళ్లను ఆపడానికి యౌవనమంతా శ్రమించినవాడి ప్రయోగశాలలోనే పేలుడు! లె చాట్లియర్ మనసు కలత చెందింది. పేలుడుకు కారణం పరికరంలోని గాలి అని తెలిసినా ఆయన ఆ ప్రయోగాన్ని తిరిగి చేపట్టలేదు.

కొన్ని సంవత్సరాలలోనే జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ అదే దారిలో నడిచాడు. 1909లో అధిక పీడనం వద్ద అమోనియా చుక్కలు చుక్కలుగా రావడాన్ని చూపాడు. కార్ల్ బాష్ దానిని కర్మాగార స్థాయికి తెచ్చాడు. 1913లో ఓపౌ అనే చోట అమోనియా ఉత్పత్తి మొదలైంది. 1918 సంవత్సరానికి గాను హేబర్‌కు నోబెల్ బహుమతి లభించింది. ఆ అమోనియా కోట్ల మందికి అన్నం పెట్టే ఎరువయింది. మొదటి ప్రపంచయుద్ధంలో ప్రాణాలు తీసే పేలుడు పదార్థాలకు ముడిసరుకు కూడా అయింది. లాభనష్టాలు రెండింటినీ లోకం చవిచూచింది.

వృద్ధుడైన తర్వాత లె చాట్లియర్ ఈ విషయం దాచలేదు. అమోనియా సంశ్లేషణ తన చేతికి అందివచ్చి జారిపోయిందని, తన శాస్త్ర జీవితంలో అంతకన్న పెద్ద పొరపాటు మరొకటి లేదని ఆయన స్వయంగా రాసుకొన్నాడు. నెపాన్ని పేలుడు మీద మోపలేదు. పరికరాల మీద మోపలేదు. సహాయకుడి ప్రాణం గురించి కలిగిన భయం తప్పా అని మనం అడగవచ్చు. ఆ భయం మానవత్వం. కాని పేలుడుకు కారణం తెలిసిన తర్వాత, తగిన జాగ్రత్తతో మళ్లీ ప్రయత్నించే దారి ఒకటి ఉండింది. ఆ దారిని విడిచిపెట్టడమే పొరపాటుగా ఆయన లెక్కించాడు. ఈ రెండింటి మధ్య నున్న సన్నని గీతను విద్యార్థులు ఆలోచించి గుర్తించాలి.

గౌరవాలు, చివరి దినాలు

ఫ్రెంచి విజ్ఞాన అకాడమీలో సభ్యత్వం ఆ దేశపు శాస్త్రజ్ఞులకు అత్యున్నత గౌరవం. లె చాట్లియర్ నాలుగు సార్లు ప్రయత్నించి ఓడిపోయాడు. మొదటి ఓటమి 1884లో, అంటే సూత్రం ప్రకటించిన సంవత్సరంలోనే. చివరికి 1907లో ఎన్నికయ్యాడు. ఆ మధ్యకాలంలో ఆయన నిరాశతో చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1898లో కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యుడయ్యాడు. బూదువార్ అనే సహచరుడితో కలిసి అధిక ఉష్ణోగ్రతలను కొలిచే విధానం గురించి 1900లో గ్రంథం ప్రకటించాడు. 1904లో లోహశాస్త్రానికి ప్రత్యేకంగా ఒక పత్రికను స్థాపించాడు. 1907లోనే సోర్బాన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. ఇంగ్లండులోని ఇనుము–ఉక్కు సంస్థ 1910లో బెస్సెమర్ స్వర్ణపతకాన్ని, రాయల్ సొసైటీ 1916లో డేవీ పతకాన్ని ఇచ్చి ఆయనను సత్కరించాయి.

ప్రయోగశాలలోని క్రమపద్ధతి కర్మాగారపు నిర్వహణలోను ఉండాలని ఆయన విశ్వసించాడు. అందువల్లనే అమెరికా ఇంజనీరు టేలర్ ప్రతిపాదించిన శాస్త్రీయ నిర్వహణ పద్ధతిని ఫ్రాన్సుకు పరిచయం చేశాడు. విద్యార్థులకు సూత్రాలను వల్లె వేయించడం కన్న పదార్థాన్ని చేతితో పట్టుకొని పరిశీలించే అలవాటు నేర్పడం ముఖ్యమని భావించాడు.

సహధర్మచారిణితో 60 సంవత్సరాల దాంపత్యం గడిపి, 1936 సెప్టెంబరు 17న మిరిబెల్ లెజెషెల్ అనే పల్లెలో, 86వ ఏట లె చాట్లియర్ కన్నుమూశాడు.

ఆయన ఈ గడ్డపై అడుగు పెట్టలేదు. అయినా గాజువాకకు ఆయన పరాయివాడు కాడు. సమీపంలోని శ్రీహరిపురంలో 1967లో ఉత్పత్తి ఆరంభించిన కోరమాండల్ ఎరువుల కర్మాగారంలో గంధకికామ్లం తయారయ్యే చర్య ద్విగత చర్యయే. అక్కడి ఎరువులకు కావలసిన అమోనియా ఏ దేశపు కర్మాగారంలో తయారై ఓడలో వచ్చినా, అది లె చాట్లియర్ చేయి జారిన దారిలోనే తయారవుతుంది. బైలదిల్లా కొండల ఖనిజం రైలెక్కి వచ్చి ఉక్కునగరపు కొలిమిలో కరిగేటప్పుడు ఆయన చెప్పిన హద్దుకు లోబడే కరుగుతుంది. షిఫ్టు ముగించుకొని సైకిలు మీదనో బస్సులోనో ఇంటికి చేరే కార్మికుడికి ఆ పేరు తెలియకపోవచ్చు. కాని అతని బిడ్డ జూనియర్ కళాశాలలో ఆ సూత్రాన్ని చదువుతాడు. తండ్రి చేతిపనిని, బిడ్డ పుస్తకాన్ని కలిపే వంతెన ఆ సూత్రమే. పరిశ్రమను ప్రయోగశాలను కలిపిన ఆ ఆచార్యుడికి ఇంతకన్న తగిన స్మారకం మరొకటి ఉండదు.

కఠిన పదాలకు అర్థాలు

సూత్రకారుడు = సూత్రాన్ని రచించినవాడు
శంకుస్థాపన = కట్టడానికి పునాది వేయడం
గణనీయం = లెక్కింపదగినది
మక్కువ = ఇష్టం
భూగర్భం = భూమి లోపలి భాగం
సుబోధం = సులభంగా అర్థమయ్యేది
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
ఉత్ప్రేరకం = తాను తరగకుండా చర్యావేగాన్ని మార్చే పదార్థం
సంశ్లేషణ = మూలపదార్థాలను కలిపి కొత్త పదార్థాన్ని తయారుచేయడం
గంధకికామ్లం = సల్ఫ్యూరిక్ ఆమ్లం
నెపం = సాకు, నింద
వెంట్రుకవాసి = అతి స్వల్పమైన దూరం

సంధులు

ప్రాణాలర్పించగా = ప్రాణాలు + అర్పించగా – ఉత్వసంధి
రసాయనాచార్యుడు = రసాయన + ఆచార్యుడు – సవర్ణదీర్ఘసంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
అత్యున్నత = అతి + ఉన్నత – యణాదేశసంధి

సమాసాలు

భూగర్భం – భూమి యొక్క గర్భం – షష్ఠీ తత్పురుష సమాసం
అగ్నిభయం – అగ్ని వలన భయం – పంచమీ తత్పురుష సమాసం
వేడిగాలి – వేడియైన గాలి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
లాభనష్టాలు – లాభమును, నష్టమును – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. లె చాట్లియర్ జీవితం పరిశ్రమకు, ప్రయోగశాలకు మధ్య వంతెన అయిన తీరును వివరించండి.
2. అమోనియా సంశ్లేషణలో లె చాట్లియర్ వైఫల్యానికి కారణాలను తెలిపి, ఆయన దానిని స్వీకరించిన తీరుపై మీ అభిప్రాయం రాయండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. బ్లాస్ట్ ఫర్నేసు ఎత్తు పెంచినా ప్రయోజనం లేకపోవడానికి కారణమేమి?
2. గోలీసోడా ఉదాహరణ ద్వారా సమతాస్థితి సూత్రాన్ని వివరించండి.
3. గిబ్స్ పట్ల లె చాట్లియర్ చూపిన ఔదార్యాన్ని తెలపండి.
4. బొగ్గు గనుల కార్మికులకు లె చాట్లియర్ చేసిన మేలు ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. విశాఖ ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు ఏవి?
2. లె చాట్లియర్ తన సూత్రాన్ని మొదట ఏ సంవత్సరంలో ప్రకటించాడు?
3. థర్మోకపుల్‌లో ఆయన ఉపయోగించిన తీగలు ఏవి?
4. సమతాస్థితిని మార్చకుండా అక్కడికి త్వరగా చేర్చే పదార్థాన్ని ఏమంటారు?

ఈ) భాషాకార్యం
మీ ఇంటిలో గాని, మీ ఊరి కర్మాగారంలో గాని వెళ్లిన దారినే తిరిగి వచ్చే మార్పును ఒకదానిని గమనించి, పది వాక్యాలలో సొంతమాటలతో రాయండి.